నల్గొండల కూసోని ఏప్రిల్ నెలంత న్యూయార్క్ జాజ్ క్లబ్ లైవ్ చూసిన, రివ్యూ

ముందుగాల తీర్పు చెప్పేస్త, సోది తర్వాత. జాజ్ అంటె అమెరికాల పుట్టిన, అప్పటికప్పుడు కల్పించుకుంట వాయించే సంగీతం, గసోంటి ఒక జాజ్ క్లబ్ లైవ్ స్ట్రీమ్ కు నెల చందా కట్టిన, పైసలు గిట్టుబాటైనయ్, కాని నెల నిండా చూసినందుకే గిట్టుబాటైనయ్. ఒక్కరోజు చూసి సంగతేందో తేల్చేద్దాం అనుకునేటోళ్లు తీస్కోకుండ్రి, తిట్టుకుంటరు. ఒక్కరోజు చూస్తె ఏమైతదంటే చీకటి రూంల నలుగురు కూసోని ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తున్నట్టు అనిపిస్తది, నడుమ జనం చప్పట్లు కొడ్తరు, ఎందుకు కొట్టిండ్రో సమజ్ గాదు, పది నిమిషాలకు ల్యాప్‌టాప్ మూసేస్తం. మా దోస్తులు గట్లనే మూసేసిండ్రు, మూసి నాకే పైసలు దండుగ అని నీతులు చెప్తున్నరు, ఇది వాళ్ల కోసమే రాస్తున్న అనుకోండ్రి.

క్లబ్ పేరు రాయను. బాగున్నది రాస్తె ప్రమోషన్ అంటరు, బాగలేంది రాస్తె పంచాయితీ, రెండూ వద్దు. న్యూయార్క్ ల మాన్‌హాటన్ దక్షిణం దిక్కు గ్రీనిచ్ విలేజ్ అని ఒక ఏరియా ఉంటది, జాజ్ క్లబ్బులకు మస్తు పేరున్న జాగ, ఎక్కువశాతం సెల్లార్లల్ల ఉంటయ్, రోడ్డు మీదికెళ్లి చూస్తె ఒక తలుపు, ఒక చిన్న బోర్డు, మెట్లు దిగి కిందికి పోవాలె. అండ్ల బాగ పేరున్నది విలేజ్ వాన్‌గార్డ్, 1935 ల మాక్స్ గోర్డన్ అనే ఆయన పెట్టిండు, ఇప్పటికీ నడుస్తనే ఉన్నది, 120 మంది దాక పడ్తరట, గంత పెద్ద పేరుకు గంత చిన్న జాగ. నేను తీస్కున్నది దాని లెక్కనే సెల్లార్ల ఉండే ఇంకో చిన్న క్లబ్, రోజు రాత్రి రెండు మూడు సెట్లు (సెట్ అంటె ఒక విడత కచేరీ) వాయిస్తరు, కెమెరాలు గోడకు బిగించి పెట్టిండ్రు, ఎవలు వాయించినా నెట్ ల లైవ్ పోతది, చందా కట్టినోళ్లకు పాత రికార్డింగులు గూడ దొర్కుతయ్.

ఏప్రిలే ఎందుకంటె, అమెరికోళ్లకు ఏప్రిల్ జాజ్ నెల, అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియమోళ్లు మొదలుపెట్టిన ముచ్చట అది, నెలాఖరుకు 30 తారీకు ప్రపంచ జాజ్ దినం, అది యునెస్కో 2011 ల ప్రకటించింది. కాబట్టి ఏప్రిల్ ల ప్రోగ్రాములు నిండుగ ఉంటయ్ అని లెక్కేసిన. ఇంకో లెక్క అసలు లెక్క, అది టైము. ఏప్రిల్ ల న్యూయార్క్ మనకంటె తొమ్మిదిన్నర గంటలు ఎనుక ఉంటది. ఆడ రాత్రి ఏడున్నర సెట్ మనకు తెల్లారగట్ల 5 గంటలకు, తొమ్మిది గంటల సెట్ ఆరున్నరకు, పదిన్నరది 8 గంటలకు. నల్గొండ ఎండలు తెల్సినోళ్లకు చెప్పక్కరలేదు, ఏప్రిల్ ల పొద్దుగాల 5 నుంచి 7 దాకనే మనిషి మనిషి లెక్క ఉంటడు, ఆ తర్వాత కూలర్ ముంగట పడి ఉండుడే. డాబా మీద పండుకునే రోజులు గాబట్టి ఎట్లాగు ఐదింటికే మెలకువొస్తది, కిందికి దిగి చాయ్ పెట్టుకోని టీవీకి కనెక్ట్ చేస్తె ఆడ వాళ్లకు అప్పుడే సాయంత్రం మొదలైతుంటది, ఎవరో కోటు ఇప్పుతుంటరు, ఎవరో గ్లాసు పట్టుకోని కుర్చీ ఎతుక్కుంటుంటరు. మనకు మంగళవారం తెల్లారేది వాళ్ల సోమవారం రాత్రి, ఇది యాదికి పెట్టుకోండ్రి, లేకుంటె వాళ్ల క్యాలెండర్ చూసి మీరు ఒకరోజు ఎనుకో ముందో అయితరు.

హైదరాబాద్ పోయి లైవ్ వినరాదా అంటరు కొంతమంది. 100 కిలోమీటర్లు పోవాలె, షో ఇడిసేసరికి పదకొండు, ఎల్బీ నగర్ కాడ బస్సు కోసం నిలబడాలె, ఇల్లు చేరేసరికి కోళ్లు కూస్తయ్. ఎప్పుడన్న ఒకసారైతె సరే, నెలంత పోయేది కాదు. మరి మనకాడ నేరుగ ముంగట కూసోని సంగీతం వినే జాగలు లేవా అంటె ఉన్నయ్, చెర్వుగట్టు జాతర ఉన్నది, యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలు ఉన్నయ్, గణపతి మండపాల కాడ ఆర్కెస్ట్రాలు ఉన్నయ్, గాని అయ్యన్ని పండగొస్తెనే. నాగర్‌కర్నూల్ దిక్కు మొగిలయ్యకు 12 మెట్ల కిన్నెరకు 2022 ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, మంచి మాటనే, గాని రోజూ పొద్దుమూకినంక టికెట్ కొని పోయి అసోంటోళ్లను వినే ఒక రూం, పండగ లేకున్నా లైట్ వెలిగే ఒక రూం, మన జిల్లాలల్ల నాకు తెల్సి లేదు. ఈ క్లబ్ చూస్తుంటె నాకు ఎక్కువ కుళ్లు పుట్టింది ఆ సంగతి మీదనే, వాయించేటోళ్ల మీద కాదు.

ఇప్పుడు మా మామ సంగతి చెప్పాలె, ఎందుకంటె సగం రివ్యూ ఆయనదే. మా అమ్మ తమ్ముడు, పెండ్లిళ్ల బ్యాండుల క్లారినెట్ వాయించెటోడు, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట దిక్కు ఆయన వాయించని బరాత్ లేదు, ఇప్పుడు పండ్లు కదుల్తున్నయని మానేసిండు (క్లారినెట్ కు కింది పెదవి, మీది పండ్లు గట్టిగుండాలె, లేకుంటె రీడ్, అంటె ఊదే కాడ ఉండే సన్న పట్టీ, పలకదు). పొద్దుగాల వాకింగ్ పేరు మీద మా ఇంటికొచ్చి చాయ్ తాగుతడు. మొదటిరోజు టీవీల సాక్సాఫోన్ చూసి నిలబడ్డడు, "అల్లుడు, గీయన గాలి ఏడ తీస్కుంటుండురా" అన్నడు. ఆడికెళ్లి రోజూ వచ్చిండు. ఇంట్ల మా అమ్మకు మాత్రం ఇదంత తలనొప్పి, పొద్దుగాల సుప్రభాతం పెట్టాల్సింది పోయి ఇదేం గోలరా అనుకుంట వాకిలి ఊడ్సెటిది.

మామకు ఇది తొందరగ ఎక్కడానికి కారణం ఉన్నది. మన పెండ్లి బ్యాండు ఎక్కడికెళ్లి వచ్చింది, ఇంగ్లీషోళ్ల కంటోన్మెంట్ల ఫౌజ్ బ్యాండ్లు, నిజాం ఫౌజుల బ్యాండ్లు, ఆ ట్రంపెట్లు ఆ డ్రమ్ములు మెల్లగ ఊర్లకు దిగినయ్, ఊర్లల్ల పెండ్లి పాటలు సినిమా పాటలు వాయించుడు షురూ అయింది. అమెరికా దక్షిణం దిక్కు న్యూ ఆర్లియన్స్ పట్నంల గూడ ఇంచుమించు అదే కథ, ఫౌజ్ బ్యాండ్ల వాయిద్యాలు నల్లజాతోళ్ల చేతికి వచ్చినయ్, వాళ్లు ఊరేగింపులకు, పండగలకు, సావులకు వాయించిండ్రు. సావు కాడ సంగతి మామకు చెప్పిన, శవాన్ని తీస్కపోయేటప్పుడు మెల్లగ ఏడుపు పాట వాయిస్తరు, మట్టి చేసి మళ్లేటప్పుడు ఉషారు పాట ఎత్తుకుంటరు, ఎనుక జనం ఎగురుకుంట వస్తరు అని. మామ నవ్విండు, "మనకాడ సావు డప్పుకు ఎగరరా ఏంది, ఇండ్ల ఇచ్చంత్రం ఏమున్నది" అన్నడు. అదే బ్యాండ్లకెళ్లి, నల్లజాతోళ్లు బాధల మీద కట్టిన బ్లూస్ పాటలకెళ్లి, మందు బార్లల్ల వాయించే ర్యాగ్‌టైమ్ అనే ఉషారు పియానోకెళ్లి 1900 దాటినంక జాజ్ అనేది తయారైంది, 1917 ల మొదటి జాజ్ రికార్డు వచ్చింది, అది వాయించింది మాత్రం తెల్లోళ్ల బ్యాండు, అది వేరే పంచాయితీ.

ఇంకో చుట్టరికం గూడ ఉన్నది. 1930లల్ల బొంబాయి తాజ్ హోటల్ల అమెరికా జాజ్ బ్యాండ్లు వచ్చి వాయించినయ్, వాళ్లను చూసి గోవా వాళ్లు నేర్సుకున్నరు, చిక్ చాకొలెట్ అని ట్రంపెట్ ఆయన ఉండె, అసోంటోళ్లే తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాలల్ల చేరిండ్రు. మన బ్యాండోళ్లు ఆ సినిమా పాటలు విని వాయించిండ్రు. అంటే మామ దేవరకొండ బరాత్ ల ఊదిన ముక్కలల్ల కొంత న్యూ ఆర్లియన్స్ గాలి ఉన్నట్టే లెక్క. ఈ మాట ఆయనకు చెప్తె మురిసిపోయిండు గాని పైకి మాత్రం "ఆ, ఉంటది తియ్యి" అన్నడు.

సరే, అసలు ప్రోగ్రాం ఎట్లుంటది. ఒక సెట్ గంట, గంటంబావు. పాట మొదట అందరు కలిసి అసలు ట్యూన్ వాయిస్తరు, దాన్ని వాళ్లు హెడ్ అంటరు, మనం పల్లవి అనుకోవచ్చు. తర్వాత ఒక్కొక్కరు ఆ పాట కింద నడిచే స్వరాల వరుసను పట్టుకోని అప్పటికప్పుడు సొంతంగ కల్పించి వాయిస్తరు, దాన్ని సోలో అంటరు. అందరియి అయిపోయినంక మళ్ల హెడ్ కొచ్చి ముగిస్తరు. లెక్క తప్పదు, బార్ అంటె తాళంల ఒక చుట్టు, బ్లూస్ అయితె 12 బార్లు, బార్ కు నాలుగు దెబ్బలు, అట్ల తిరుగుతనే ఉంటది, ఎక్కువ పాటలు 32 బార్లు. ఈ లెక్క తెల్వకపోతె సోలో అంత గాలిల పోయినట్టు అనిపిస్తది, తెల్సిందంటె ఎవడు ఏడ ఉన్నడో పట్టుకోవచ్చు. మామ ఎవరు చెప్పకుండనే ఏళ్ల మీద లెక్క పెట్టి, "ఎనిమిది, మళ్ల అదే ఎనిమిది, మూడో ఎనిమిది వేరే ఉన్నది, మళ్ల మొదటిదే" అని పట్టేసిండు, నేను నెట్ ల చదివి తెల్సుకున్న ముచ్చట ఆయన చాయ్ తాగుకుంట చెప్పేసిండు. కొన్నిసార్లు ఆఖరుకు సాక్స్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు, అట్ల ఒకరి తర్వాత ఒకరు సవాల్ జవాబ్ లెక్క వేస్కుంటరు, ఇది కొత్తోళ్లకు గూడ మజా వస్తది, మొదట ఇక్కడికెళ్లి షురూ చేయండ్రి.

చప్పట్ల సంగతి గూడ ఇక్కడనే. ప్రతి సోలో అయినంక పాట నడుస్తుండంగనే చప్పట్లు కొడ్తరు. మామకు ఇది నచ్చలే, పాట ఒడవకముందే ఏంది అని. మనకాడ బ్యాండోళ్లకు చప్పట్లు ఎవడు కొట్టిండు, పది రూపాయల నోటు గాలిల ఊపుతరు, నోటు ఊపినోడు చెప్పిన పాటకు మారాలె. వీళ్లను మాత్రం ఎవడు ఏం పాట వాయించమని అడగడు, వాళ్లు వాయించింది వినాలె. మామ దీని మీద చానసేపు ఏం మాట్లాడలే.

ఇప్పుడు నేను నెల నిండా చూడాలె అని ఎందుకంటున్ననో చెప్త. రెండో వారంల ఒక పియానో ట్రియో వచ్చింది, పియానో, నిలబెట్టి వాయించే పెద్ద బేస్, డ్రమ్స్, ముగ్గురే. వాళ్లు గురువారం రాత్రి ఒక పాత ఫ్రెంచ్ పాట వాయించిండ్రు, 1940ల నాటిది, జాజ్ నేర్సుకునే ప్రతోడు మొదట్ల నేర్సుకునే పాటలల్ల ఒకటి. మెల్లగ, డ్రమ్మర్ కర్రలు పక్కనపెట్టి బ్రష్షులతోటి సర్రు సర్రుమని రాసుకుంట, పియానో ఆయన ట్యూన్ ను ఎక్కడ ముట్టకుండ చుట్టూరనే తిరిగిండు. బాగనే ఉన్నది అనుకున్న. తెల్లారి శుక్రవారం రాత్రి సెట్ ల మళ్ల అదే పాట. ఈసారి బేస్ ఆయన ఒక్కడే మొదలుపెట్టిండు, ట్యూన్ అంత బేస్ మీదనే, స్పీడ్ డబుల్, పియానో ఆయన ఎడమచెయ్యి తీసి ఒళ్లె పెట్టుకున్నడు, కుడిచేత్తోనే వాయించిండు, ఒక రౌండ్ అంత డ్రమ్మర్ పూరాగ ఆపేసిండు, ఆపినంక ఆ ఇద్దరు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసి నవ్వుకున్నరు, అప్పుడు డ్రమ్మర్ మళ్ల ఎక్కడ ఎక్కిండంటే ఎవరు అనుకోని జాగల, రౌండు మొదట్ల కాదు, నడిమిట్ల. మామ చాయ్ గ్లాసు కింద పెట్టి "నిన్నటి పాటనే గదరా ఇది" అన్నడు. అంతే, ఆ క్షణం కెళ్లి మాకు జాజ్ తెల్సింది అని చెప్ప గాని చూసేది ఏందో తెల్సింది. నెలాఖరుకు ఇంకో బ్యాండు అదే పాటను మూడు దెబ్బల తాళంల వాయించింది, అప్పటికి మాకు ఆ పాట మా ఇంటి పాట లెక్క అయింది, ఎవడు ఏం మార్చిండో ఇద్దరం కొట్లాడుకున్నం.

ఒక్కరోజు చూసినోడికి ఇది దొరకది. నిన్న ఎట్ల వాయించిండ్రో తెల్సినోడికే ఇయ్యాల ఏం కొత్తగ చేసిండ్రో వినపడ్తది. యూట్యూబ్ ల మంచి మంచి రికార్డులు ఫ్రీగ ఉన్నయ్ గదా దీనికి పైసలెందుకు అని అడిగెటోళ్లకు నా జవాబు గూడ ఇదే. పాత 78 ఆర్‌పీఎమ్ రికార్డుల మీద ఒక్క దిక్కు మూడు నిమిషాలు పట్టేది, అందుకే ఆ కాలం జాజ్ పాటలన్ని మూడు నిమిషాలకు కోసినట్టు ఉంటయ్, క్లబ్బులల్ల మాత్రం అదే పాట ఎంతసేపన్న నడిచేది. తర్వాత ఎక్కువసేపు పట్టే లాంగ్ ప్లే రికార్డులు వచ్చినంక క్లబ్బులల్లనే మైకులు పెట్టి రికార్డు చేసుడు షురూ చేసిండ్రు, పియానో వాయించే బిల్ ఎవాన్స్ ట్రియో 1961 జూన్ 25 న విలేజ్ వాన్‌గార్డ్ ల వాయించింది గట్లనే రికార్డైంది, అండ్ల గ్లాసుల చప్పుడు, జనం గుసగుసలు గూడ వినపడ్తయ్. అండ్ల బేస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజులకే కార్ యాక్సిడెంట్ల చనిపోయిండు, 25 ఏండ్ల పిలగాడు. రికార్డు గొప్పదే, గాని అది ఆ ఒక్కరోజు, ఎన్నిసార్లు పెట్టినా అదే దెబ్బ అదే జాగల పడ్తది.

ఏ రోజు చూడాలె అంటె, నా మాట వినండ్రి, శనివారం రాత్రిది ఇడిసిపెట్టండ్రి. శనివారం టూరిస్టులు ఎక్కువ, మాటలు ఎక్కువ, వాయించేటోళ్లు గూడ జనానికి తెల్సిన పాటలు ఉషారుగ వాయించి పంపిస్తరు. సోమవారం, మంగళవారం రాత్రులు సగం కుర్చీలు ఖాళీ, ముంగట కూసున్నోళ్లల్ల సగం మంది వాళ్లే సంగీతగాళ్లు, ఆ రోజు వాయించేటోళ్లు కొత్తయి ట్రై చేస్తరు, తప్పులు గూడ పోతయ్, పోయినప్పుడు ఎట్ల సర్దుకుంటరో చూసుడే మజా. సోమవారానికి అక్కడ వేరే పరంపర గూడ ఉన్నది, వాన్‌గార్డ్ ల 1966 నుంచి సోమవారం రాత్రి పెద్ద బ్యాండు వాయిస్తది, థాడ్ జోన్స్, మెల్ లూయిస్ అనే ఇద్దరు మొదలుపెట్టిండ్రు, వాళ్లిద్దరు పోయినా బ్యాండు ఇప్పటికీ సోమవారం సోమవారం వాయిస్తనే ఉన్నది.

జామ్ సెషన్ అర్ధరాత్రి, అంటె మనకు తొమ్మిదిన్నర, ఆఫీసు టైము. ఆదివారం పొద్దుగాల (వాళ్లకు శనివారం రాత్రి, ఈ ఒక్కదానికి శనివారం మాఫ్) తీరిగ్గ చూసిన. ఎవరు పడితె వాళ్లు వాయిద్యం పట్టుకోని గోడ పొంటి నిలబడ్తరు, పేరు రాసుకోని పిలుస్తరు, ఒకళ్లకొకళ్లు ముఖాలు తెల్వదు, పాట పేరు చెప్పుకోని కీ (మన శృతి లెక్క) చెప్పుకోని వాయించుడే. 1940ల మొదట్ల న్యూయార్క్ లనే హార్లెం అనే ఏరియాల మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బుల ఇట్లాంటి జామ్ సెషన్లల్లనే బీబాప్ అనే స్పీడ్ జాజ్ పుట్టింది, థెలోనియస్ మాంక్ అక్కడ పియానో, కెన్నీ క్లార్క్ డ్రమ్స్, ట్రంపెట్ ఆయన డిజ్జీ గిలెస్పీ వచ్చి కలిసెటోడు. అదే మాంక్ కు 1951 ల పోలీసులు క్యాబరే కార్డు గుంజుకున్నరు, అది లేకుంటె న్యూయార్క్ ల మందు అమ్మే క్లబ్బులల్ల వాయించనియ్యరు, 1957 దాక ఆయన సొంతూర్ల క్లబ్బులకు దూరమైండు. ఇది చదివినంక ఆ గోడ పొంటి నిలబడ్డ పిలగాళ్లను చూస్తె వేరే తీరుగ అనిపించింది. వాళ్లల్ల ఒక పద్దెనిమిదేండ్ల పొల్ల, ట్రంపెట్ పట్టుకోని వచ్చింది, మొదటి రౌండ్ ల తడబడ్డది, పియానో ఆయన ఊకోకుండ ఆమె ఆగిన ముక్కనే పట్టుకోని తిప్పి వాయించి ఆమె చేతుల పెట్టిండు, అది అందుకోని రెండో రౌండ్ ఇరగదీసింది. మామ ఆరోజు లేడు, రికార్డింగ్ పెట్టి చూపించిన, "ఆ పియానో ఆయన మంచోడు" అన్నడు, పొల్ల గురించి ఏమన్లే, ఆయనకు తోడు వాయించెటోళ్లే కనపడ్తరు.

ఇగ సౌండ్. ఇది చాన ముఖ్యం, దీని వల్లనే సగం మంది జాజ్ బాగలేదంటరు. టీవీ స్పీకర్ల బేస్ వినపడదు, ఫోన్ల అయితె అసలుకే లేదు, ఆ పెద్ద బేస్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతది, గింతంత స్పీకర్లకు అంత కిందికి పోయే తాకత్ ఉండది. మొదటి రెండు రోజులు మామ "ఆ పెద్ద ఫిడేలాయన వాయిస్తుండా ఉత్తగ నిలబడ్డడా" అని అడిగిండు. తర్వాత అటక మీద పడున్న పాత యాంప్లిఫైర్, పెద్ద స్పీకర్ బాక్సులు దులిపి పెట్టినంక రూం మారిపోయింది, బేస్ వినపడంగనే మిగిలినోళ్లంత ఎందుకట్ల వాయిస్తున్నరో అర్థమైంది, అందరు నిలబడేది ఆయన మీదనే. యాంప్లిఫైర్ లేకుంటె వైరున్న మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండ్రి. బ్లూటూత్ స్పీకర్ పెడ్తె మా ఇంట్ల డ్రమ్మర్ కర్ర పడ్డంక దెబ్బ వినపడ్డది, పిచ్చి లేస్తది.

నెట్ సంగతి, ఫుల్ హెచ్‌డీల గంటకు రెండు మూడు జీబీ లాగుతది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ మీద చూద్దామంటె మొదటి సెట్ గూడ ఒడవదు. ఇంటి నెట్ ఉండాలె. క్వాలిటీ తగ్గించుకున్నా నాకు సౌండ్ల పెద్ద తేడా తెల్వలే, ముఖాలు మసకైతయ్ గంతే. గాలిదుమారం వచ్చి కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ ఉన్నా గల్లీల కేబుల్ నెట్ డబ్బా ఆగిపోతది, దానికి క్లబ్బోళ్లు ఏం చేస్తరు పాపం.

పైసలు కట్టుడు మాత్రం తలనొప్పి. యూపీఐ లేదు, డెబిట్ కార్డు కొడ్తె తీస్కోలే, బ్యాంకుకు పోన్ చేస్తె ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోండ్రి అన్నరు, చేసినా తీస్కోలే, ఆఖరుకు క్రెడిట్ కార్డు మీద పోయింది. డాలర్ల కట్టినప్పుడు చాన కార్డులల్ల 3.5 శాతం దాక మార్కప్ పడ్తది, దాని మీద జీఎస్టీ, బిల్లు చూసి ఇదేంది ఎక్కువైంది అనుకోకుండ్రి. మొత్తం కలిపి మనం కట్టే ఓటీటీ చందాల కంటె ఎక్కువే, గాని ఆడ ఒక్క రాత్రి లోపలికి పోతె టికెట్, మందు కలిపి అయ్యేదాంట్ల ఇది చిన్న ముక్క. ఆటోపే ఉంటె పైసలు కోసేముందు 24 గంటలకు ముందే మెసేజ్ రావాలె అని ఆర్‌బీఐ రూలు ఉన్నది, నాకు వచ్చింది, అది చూసే బంద్ చేసుకున్న.

బాగలేనియి. పియానో ఎనుక ఉన్న కెమెరాల పియానో ఆయన చేతులు మస్తు కనపడ్తయ్ గాని ట్రంపెట్ ఆయన ఈపు తప్ప ఏం కనపడది, కెమెరా మార్చే పిలగాడు సోలో అయిపోయినంక మారుస్తడు. వాయించేటోళ్లు పాట పేర్లు మైకుల నసుగుతరు, పేజీల ఎక్కడ రాయరు, ఇన్ని పైసలు తీస్కుంటున్నోళ్లు పాటల లిస్టు పెడ్తె ఏం పోతది. బేస్ సోలో వచ్చినప్పుడే బార్ ల ఐస్ గలగల కొడ్తరు, నెలంత గిదే, పగబట్టినట్టు. చాట్ డబ్బా మూసేయండ్రి, పనికిరాదు. పాట పాడేటోళ్లున్న రాత్రులు నాకు అంతగ ఎక్కలే, మాటలు అర్థమైతె వేరే ఉండునేమో. ఒక రాత్రి ఎలక్ట్రిక్ వాయిద్యాలతోటి ఫ్యూజన్ అని, అంటె జాజ్ ల రాక్ కలిపింది, పెట్టిండ్రు, మామ పేపర్ చదువుకున్నడు.

మనోళ్ల జాడ గూడ అక్కడక్కడ తగుల్తది. జాన్ కోల్ట్రేన్ అనే పేరున్న సాక్స్ ఆయనకు మన సితార్ రవిశంకర్ సంగీతం అంటె పాణం, కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నడు, ఆ రవి కోల్ట్రేన్ గూడ ఇప్పుడు పెద్ద సాక్స్ ఆయన. రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికా సాక్స్ ఆయన మన కద్రి గోపాల్‌నాథ్ తోటి కలిసి 2008 ల ఆల్బం తెచ్చిండు. ఈ ముచ్చటకు మామ లేశి కూసున్నడు, కద్రి గోపాల్‌నాథ్ పేరు ఆయనకు దేవుని పేరు, సాక్సాఫోన్ మీద కర్ణాటక కీర్తనలు పలికించిన మనిషి గదా.

ఎవరికి పనికొస్తది అంటె, వాయిద్యం ఏదన్న వచ్చినోళ్లకు, తబలా గానీ కీబోర్డ్ గానీ భజనల హార్మోనియం గానీ, కండ్లు మూసుకోని తీస్కోండ్రి. పొద్దుగాల లేవలేనోళ్లు దండుగ, రికార్డింగ్ చూస్తం లే అనుకుంటరు గాని చూడరు, నాకు తెల్సు. పాట మాటలతోటి ఉండాలె, మూడు నిమిషాలల్ల ఒడవాలె అనెటోళ్లు గూడ వద్దు. తీస్కునేటోళ్లు మాత్రం ఒకే బ్యాండు వరుసగ రెండు మూడు రాత్రులు ఉన్నది చూసుకోని, ఆ రాత్రులన్ని చూడండ్రి, తలా ఒక రాత్రి చూసి పరేషాన్ కాకుండ్రి.

నేనైతె ఇప్పటికి బంద్ చేసిన, మే నెలల పెండ్లిళ్లు, ఇంట్ల ఎవ్వరం కుదురుగ కూసోము. మళ్ల నవంబర్ల తీస్కుంట. అప్పటికి అమెరికోళ్లు గడియారం ఒక గంట ఎనుకకు జరుపుకుంటరు, మొదటి సెట్ మనకు ఐదుకు బదులు ఆరింటికి పడ్తది, చలికాలం ఆరింటికంటె మా మామ గూడ దుప్పటి ఇడిసి వస్తడు.